పదమూడేళ్ల తర్వాత మళ్లీ హవాసాకు: నా అనుభవం

మేము ఇథియోపియాలోని హవాసా పట్టణంలో 2006 సెప్టెంబరు నుంచి 2012 జులై వరకు ఉన్నాం. నేను అక్కడి విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రం బోధించేవాడిని. ఒక పెద్దావిడ లోగిలిలో రెండు గదులు అద్దెకు తీసుకొని, నేనూ నా భార్యా ఆ ఆరేళ్లూ అక్కడే కాపురం చేశాం. తిరిగి వచ్చేటప్పుడు రెండేళ్లలో మళ్లీ వస్తామని ఆవిడ చేతులు పట్టుకొని మరీ చెప్పాం. ఆ రెండేళ్లు పదమూడేళ్లయ్యాయి. 2025 సెప్టెంబరులో వెళ్లి వచ్చాం. మన తెలుగువాళ్లలో అక్కడి విశ్వవిద్యాలయాల్లో పని చేసి వచ్చినవారు చాలామందే ఉన్నారు కనుక, వెళ్లాలని మనసులో ఉన్నవారికి పనికి వస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది వీసాకూ కాదు, టికెట్లకూ కాదు, మనుషుల ఆచూకీ కనుక్కోవడానికి. 2025 జనవరిలో మొదలుపెడితే ఏప్రిల్ చివరికి గానీ ఒక్కరు కూడా దొరకలేదు. నా దగ్గరున్న నంబర్లలో ఒక్కటీ పని చేయలేదు. అక్కడ ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు, దాని పక్కన తండ్రి పేరు, అంతే. అందువల్ల పేరు పెట్టి వెతికితే అదే పేరుతో వందలమంది కనిపిస్తారు. పైగా ఒకే పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా రాస్తారు. పాత విభాగానికి రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. చివరికి నా దగ్గర ఎమ్మెస్సీ చేసిన ఒక శిష్యుడు టెలిగ్రామ్‌లో దొరికాడు. అక్కడ మన వాట్సాప్ స్థానంలో అందరూ వాడేది టెలిగ్రామే. ఈ సంగతి ముందే తట్టి ఉంటే మూడు నెలలు కలిసివచ్చేవి.

ఆ అబ్బాయి పంపిన మొదటి వాయిస్ మెసేజ్‌లోనే రెండు కబుర్లు ఉన్నాయి. మా ఇంటి పెద్దావిడ, మేము ఎమామ అని పిలిచే ఆవిడ, ఎనభై దాటినా నడుస్తూనే ఉన్నారు. నా పక్క గదిలో కూర్చొని ఆరేళ్లు నాతో పాటు పాఠాలు చెప్పిన మిత్రుడు మాత్రం 2021లోనే గుండెపోటుతో పోయాడు. నాలుగేళ్ల కిందట పోయిన మనిషిని తలచుకుంటూ నేను నిన్నటిదాకా, ఎలా ఉన్నాడో, జుట్టు నెరిసిందో లేదో అనుకుంటూ ఉన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంక వాయిదా వేయకూడదని మా ఆవిడ అప్పుడే అన్నది.

మేనెలలో ఎమామ కొడుకుతో ఫోనులో మాట్లాడినప్పుడు ఏం తీసుకురమ్మంటారని అడిగాను. చాలాసేపు ఏమీ వద్దన్నాడు. ఆఖరున మాత్రం, మీరు వదిలిపెట్టి వెళ్లిన కుండ మూతకు ఉండే రబ్బరు చక్రం దొరికితే తెండి అన్నాడు. మేము వచ్చేస్తూ ఇచ్చిన ఐదు లీటర్ల కుక్కర్ గురించి అతను అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. గాస్కెట్ ఏళ్ల కిందటే సాగిపోయిందట. ఆ తర్వాత దాన్ని మామూలు గిన్నెలాగా వాడుకుంటున్నారట. 2006లో కొన్న కుక్కర్‌కు ఇప్పుడు గాస్కెట్ దొరకడం తేలిక కాదు. మూత కొలత కోసం వాళ్లచేత టేపుతో కొలిపించి, ఫొటో తెప్పించుకొని, బేగంబజారులో మూడు దుకాణాలు తిరిగి, అనుమానం కొద్దీ రెండు సైజుల్లో రెండేసి చొప్పున కొన్నాను. వాటితో పాటు సేఫ్టీ వాల్వులు రెండు. అన్నీ కలిపి ఆరు వందల రూపాయల లోపే అయ్యాయి. ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత సార్థకమైనది మరొకటి లేదు.

హైదరాబాదు నుంచి ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాకు నేరుగా విమానం 2025 జూన్‌లోనే మొదలైంది, అప్పట్లో వారానికి మూడు రోజులు. మేము ఉన్న రోజుల్లో ముంబయికో ఢిల్లీకో వెళ్లి ఒక రాత్రంతా విమానాశ్రయంలో కూర్చోవలసి వచ్చేది. జులై మొదట్లో ఇద్దరికీ రానూపోనూ టికెట్లు ఒక లక్షా నాలుగు వేలకు తీసుకున్నాను. వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న వస్తుంది. పండగకు అక్కడ ఉండాలని 8వ తేదీకి పెట్టుకున్నాం.

వీసా ఆన్‌లైన్‌లోనే ఇచ్చారు. ముప్ఫై రోజులకు మనిషికి 62 డాలర్లు, అంటే సుమారు ఐదున్నర వేల రూపాయలు. ఆగస్టు 25న దరఖాస్తు పెట్టాను. బస చిరునామా అడిగినచోట మిత్రుల ఇల్లు రాయడానికి ధైర్యం చాలక, ఆడిస్‌లో ఒక రాత్రికి హోటలు గది తీసుకొని ఆ చిరునామా ఇచ్చాను. 28న వీసా మెయిల్‌లో వచ్చింది.

అసలు ఇబ్బంది ఎల్లో ఫీవర్ కార్డు దగ్గర వచ్చింది. ఇథియోపియా నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఈ టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఇక్కడివారికి ఉంది. నా 2006 నాటి పసుప్పచ్చ కార్డు పాత పాస్‌పోర్టులో భద్రంగానే ఉంది. దానిమీద పదేళ్ల గడువు అని ఉంటుంది. కానీ 2016 జులై నుంచి ఒక్కసారి వేయించుకున్న టీకా జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మారింది, పాత కార్డులకు కూడా అది వర్తిస్తుంది. మా ఆవిడ కార్డు మాత్రం ఇల్లు మారినప్పుడు పోయింది. ఒంట్లో టీకా ఉన్నా చేతిలో కాగితం లేదు కనుక మళ్లీ వేయించుకోక తప్పలేదు. తనకు అరవై మూడేళ్లు. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా కాబట్టి అరవై దాటినవారికి ఆలోచించి వేస్తారు. టీకా కేంద్రంలో డాక్టరు గారు గుడ్డు పడుతుందా, స్టెరాయిడ్లు వాడుతున్నారా అని ఒకటొకటిగా అడిగి, మా సొంత డాక్టరు దగ్గర నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఇదివరకు ఒకసారి వేయించుకున్నవారికి ప్రమాదం బాగా తక్కువని చెప్పినా నాకు మాత్రం గుండె దడగానే ఉండింది. ఆగస్టు 18న వేశారు. రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం, తర్వాత తగ్గిపోయింది. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. కాబట్టి వీసాకన్నా ముందు ఈ పని చూసుకోండి. కార్డు మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే ఆ పాత పాస్‌పోర్టును కూడా వెంట పెట్టుకోండి.

సెప్టెంబరు 8న ఆడిస్‌లో దిగాం. వాళ్ల పంచాంగం ప్రకారం అది 2017వ సంవత్సరం, పదమూడో నెల, మూడో రోజు. ఏడాది చివర మిగిలే ఐదు రోజులకు, కొన్ని సంవత్సరాల్లో ఆరు రోజులకు, వాళ్లు పగుమె అని విడిగా ఒక నెల పెట్టుకుంటారు. ఆడిస్ సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంటుంది. యాభై ఏళ్ల వయసులో తెలియని ఎత్తు ఇప్పుడు తెలిసింది. హోటలు మెట్లు ఒక్క అంతస్తు ఎక్కేసరికి ఇద్దరం రొప్పాం. విమానాశ్రయంలోని బ్యాంకులో డాలరుకు నూట నలభైకి పైగా బిర్లు ఇచ్చారు. మేము మొదటిసారి దిగినప్పుడు తొమ్మిది కూడా లేవు, వచ్చేసేటప్పుడు పద్దెనిమిది. రెండు వందల డాలర్లు మారిస్తే చేతికి వచ్చిన కట్ట చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ జీతం మీద బతికే మన వాళ్ల సంగతేమిటని తర్వాత అడిగింది.

ఆ సాయంత్రమే ఒక పొరపాటు జరిగింది. ఫోనులో శిష్యుడు, రేపు రెండు గంటలకు కారు తీసుకొని వస్తాను గాషె, అన్నాడు. గాషె అంటే వయసులో పెద్దవారిని గౌరవంగా పిలిచే పిలుపు. చదువుకునే రోజుల్లో డాక్టర్ అని పిలిచేవాడు. ఆ మాట వినడంలో పడి నేను గంటల సంగతి పట్టించుకోలేదు. అక్కడ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట, ఎనిమిది వాళ్లకు రెండు. మర్నాడు మేము తీరిగ్గా కిందికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. వాడు ఎనిమిదింటి నుంచి, పెద్దవాళ్లు నిద్రపోతుంటే లేపకూడదని, గేటు బయట కారులో కూర్చొని ఉన్నాడు. ఆరేళ్లు ఆ గంటలతోనే బతికిన నేను మరచిపోయానంటే నాకే నమ్మకం కలగలేదు. అప్పటి నుంచి ఎవరు ఏ టైం చెప్పినా మన లెక్కా, ఇథియోపియా లెక్కా అని అడిగి మరీ రాసుకున్నాం.

హవాసా దక్షిణంగా సుమారు 275 కిలోమీటర్లు. దారిపొడుగునా రేడియోలో ఒకటే వార్త, ఆ రోజే అబ్బాయ్ నది మీద కట్టిన పెద్ద ఆనకట్టను ప్రారంభించారు. నీలి నైలును వాళ్లు అబ్బాయ్ అంటారు. మేము ఉండగా, 2011లో దానికి శంకుస్థాపన జరిగినప్పుడు మా విభాగంలో అందరూ ఒక నెల జీతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పోయిన నా మిత్రుడు ఆ బాండు కాగితాన్ని బల్ల అద్దం కింద పెట్టుకొని వచ్చినవారికల్లా చూపించేవాడు. కారులో కూర్చొని ఆ ప్రసంగాలు వింటుంటే నాకు ఆ బల్లే కళ్లముందు కదిలింది.

మధ్యాహ్నం మూడు దాటాక, మన లెక్కలోనే, హవాసా చేరాం. వీధులు వెడల్పయ్యాయి. చెరువు గట్టు పొడవునా అంతస్తుల భవనాలు లేచాయి. నీలం రంగు ఆటోలు మాత్రం అలాగే తిరుగుతున్నాయి. మన దేశం నుంచి వెళ్లినవే కాబట్టి వాటిని ఇప్పటికీ బజాజ్ అనే పిలుస్తారు. 2020 నుంచి ఈ ఊరు కొత్తగా ఏర్పడిన సిదామా ప్రాంతానికి రాజధాని. మా లోగిలి ముందున్న మట్టిరోడ్డు తారురోడ్డయింది. గేటు రంగు మారింది. లోపల ఎమామ వరండాలో కూర్చొని ఉన్నారు. కంటి చూపు మందగించిందని ముందే చెప్పారు. నా భార్య వెళ్లి ముందు వంగగానే ఆవిడ ముఖం కాదు, చెయ్యి తడిమారు. మోచేతి దగ్గర పాత కాలిన మచ్చను వేలితో పట్టుకొని, ఈ మచ్చకు మందు రాసింది నేనే కదా అన్నారు. అక్కడి పద్ధతిలో ఒక చెంప, ఇంకో చెంప, మళ్లీ మొదటి చెంప, అలా ఎన్నిసార్లు ముద్దు పెట్టుకున్నారో లెక్కలేదు. నా భార్య ఏడుస్తూనే ఉంది.

మర్నాడు బుధవారం. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు, అంటే మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. శాకాహారులకు ఆ దేశంలో అవే మంచి రోజులు. ఏ హోటలుకు వెళ్లినా ఇంజెర అనే పెద్ద పుల్లట్టు మీద పప్పులు, ఆకుకూర, బంగాళాదుంప, బీట్‌రూట్ కుప్పలు కుప్పలుగా వేసి ఇస్తారు. ఆ మధ్యాహ్నం మేము నా మిత్రుడి ఇంటికి వెళ్లాం.

ఎవరైనా పోయిన తర్వాత మొదటిసారి ఆ గడప తొక్కేవారు, ఎన్నేళ్లయినా సరే, పరామర్శకు వచ్చినట్టే వెళ్లాలి. నవ్వుతూ పలకరించకూడదు. వెళ్లి కూర్చోవాలి. శిష్యుడు దారిలోనే నాకు చెప్పవలసిన మాట మళ్లీ నేర్పాడు: ఎగ్జియాబెహెర్ యాత్సినాష్, దేవుడు మీకు ధైర్యం ఇవ్వాలి. నేను ఆ మాట సగంలోనే ఆగిపోయాను. నా మిత్రుడి భార్య నల్లబట్టలు విడిచి చాలాకాలమయింది. మమ్మల్ని చూడగానే పైనున్న తెల్లని నెతెలా, అంటే పలుచని నూలు పైబట్ట, అంచును తిప్పి కప్పుకొని, మా పక్కన కూర్చొని ఏడ్చారు. ఒక పది నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు.

తర్వాత ఆవిడ లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. కవరు మీద అమ్హారిక్ లిపిలో నా పేరు, అతని చేతిరాత. మా విభాగంలో పన్నెండుమందిమి కలిసి ఇక్కుబ్ వేసుకునేవాళ్లం. ఇక్కుబ్ అంటే మన చిట్టీ లాంటిదే, వేలంపాట ఉండదు, నెలనెలా చీటీ తీసి ఎవరి పేరు వస్తే వారికి మొత్తం ఇస్తారు. నెలకు మనిషికి 100 బిర్లు. 2012 జులైలో నేను వచ్చేసేనాటికి నా పేరు ఇంకా రాలేదు, ఒక్క నెల మిగిలింది. పోతే పోయిందనుకొని మరచిపోయాను. అతను మరచిపోలేదు. కవరులో 1,100 బిర్లు, ఒక కాగితం ముక్క ఉన్నాయి. కాగితం మీద ఇంగ్లీషులో, ఆఖరి నెల వాయిదా 100 నీ తరఫున నేను కట్టి మినహాయించుకున్నాను, అని రాసి ఉంది.

నోట్లు చూశాక నాకు మరొకటి అర్థమయింది. ఐదు 200 నోట్లు, ఒక 100 నోటు. మేము ఉన్నప్పుడు 200 బిర్ల నోటు లేనేలేదు. 2020 సెప్టెంబరులో పాత నోట్లు రద్దు చేసి కొత్తవి తెచ్చినప్పుడే ఆ నోటు వచ్చింది. అంటే నా పాత నోట్లు చెల్లకుండా పోతాయని అతను వాటిని బ్యాంకుకు తీసుకెళ్లి, మార్పించి, తిరిగి అదే కవరులో పెట్టాడు. ఆవిడను అడిగితే ఔనన్నారు. ఆ గడువు రోజుల్లో తమ డబ్బుతో పాటు దీన్నీ పట్టుకొని వరసలో నిలబడ్డాడట. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదట. నేను వచ్చేసిన నాడు అరవై డాలర్లు చేసే ఆ సొమ్ము ఈనాడు ఎనిమిది డాలర్లు కూడా చేయదు. నేను ఆవిడనే ఉంచుకోమన్నాను. శిష్యుడు నా చెవిలో, వద్దు గాషె, ఆయన మాట ఇంకా తీరలేదని ఆవిడ బాధపడతారు, అన్నాడు. తీసుకొని కళ్లకద్దుకున్నాను.

11న పండగ, వాళ్లకు 2018 వచ్చింది. నేల మీద పచ్చగడ్డి పరిచారు. వానలు వెనుకబట్టి ఎక్కడ చూసినా పసుప్పచ్చని అదెయ్ పూలు పూసి ఉన్నాయి. ఆడపిల్లలు ఆ పూలు పట్టుకొని పాడుతూ ఇంటింటికీ వచ్చారు. వంటింట్లో ఒక పొయ్యి మీద కోడికూర ఉడుకుతుంటే, ఎమామ తన కోడలిచేత వేరే గిన్నె, వేరే గరిటె పెట్టించి మా ఆవిడకు షిరో, అంటే పప్పుల పొడితో చేసే చిక్కటి కూర, చేయించారు. పదమూడేళ్ల కిందట మా ఆవిడ గరిటె కలవకూడదని మొహమాటపడుతూ చెప్పిన సంగతి ఆవిడకు అలాగే గుర్తుంది.

భోజనాలయ్యాక కాఫీ. కోడలు పచ్చి గింజలు కడిగి, బొగ్గుల కుంపటి మీద రేకు పెనంలో వేయించి, పొగలు కక్కుతున్న పెనాన్ని వరసగా ఒక్కొక్కరి ముందుకూ తెచ్చింది. ఆ పొగను చేత్తో ముఖం వైపు తోసుకొని వాసన చూడాలి. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, చెవులు లేని చిన్న గిన్నెల్లో పోసింది. మొదటి వాయి అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా, అంటే దీవెన. మూడోది తాగకుండా లేవకూడదు. మొత్తం రెండు గంటలు పడుతుంది. ఎవరి ఇంటికి వెళ్లినా ఇదే మర్యాద కాబట్టి రోజుకు రెండు ఇళ్లకు మించి పెట్టుకోవద్దు. మేము 12న నాలుగిళ్లు పెట్టుకొని రెండింటికి వెళ్లలేకపోయాం. వారు నొచ్చుకున్నారు, మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాం.

గాస్కెట్ సంగతి చెప్పాలి. మొదటిది వదులైంది, రెండో సైజు అతికినట్టు సరిపోయింది. మా ఆవిడ శనగలు నానబోసి కుక్కర్ పెట్టి, ఎమామను పక్కన కూర్చోబెట్టుకొని, కూత వచ్చినప్పుడల్లా తెలుగులో లెక్క చెప్పింది. పూర్వం కూడా అలాగే చెప్పేదట. నాకు గుర్తు లేదు. ఎమామ ప్రతి కూతకూ ఉలిక్కిపడి, వెంటనే నవ్వి, అంకె చెప్పారు.

20న బయలుదేరాం. పెట్టెల్లో బట్టలకన్నా బెర్బెరె కారం, షిరో పొడి, కాఫీ గింజలే ఎక్కువ. మా మంగళగిరి నేత తుండ్లు, చీరలు అక్కడే ఉండిపోయాయి. ఆ తెల్లటి నేతకు సన్నని అంచు చూసి అందరూ నెతెలాలే అనుకున్నారు. మన దేశంలో దిగాక ఆరోగ్య తనిఖీ కౌంటరులో నా కార్డు చూసిన ఉద్యోగి, 2016లోనే గడువు తీరిందని పక్కన నిలబెట్టారు. నిబంధన మారిన సంగతి అచ్చు తీసి వెంట తెచ్చుకున్న కాగితం చూపించాను. పై అధికారి వచ్చి చూసి వదిలేసరికి ఇరవై ఐదు నిమిషాలు. ఆ కాగితం లేకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను. టికెట్లు, వీసాలు, కారు, హోటలు, కానుకలు అన్నీ కలిపి ఇద్దరికీ ఒక లక్షా తొంభై వేలు అయింది.

వచ్చిన నాలుగో రోజు టెలిగ్రామ్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, ఎమామ కొడుకు ఫోను నుంచి. మొదట కొంతసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కుక్కర్ కూత. దాని వెంట ఆవిడ గొంతు, ఒకటి. మళ్లీ కూత, రెండు. మూడో కూత రావడానికి చాలాసేపు పట్టింది. అంతవరకూ ఎవరూ మెసేజ్ ఆపలేదు.